ఓడిపోవడానికి ఓ పది ఓడలు

ఒకే రకం చిన్న ఓడలు పది కొనండి. అన్నిటికీ ఒకే రకం తుపాకులు, ఒకే రకం ఇంజన్ బిగించండి. తర్వాత వాటిని ఒక్కొక్కటిగా పోగొట్టుకోండి. ‘ఈవ్ ఆన్‌లైన్’ ఆటలో తోటి ఆటగాళ్లతో యుద్ధం నేర్చుకోవాలనుకునేవాళ్లకి నేనిచ్చే మొదటి సలహా ఇదే. విన్నవాళ్లు కొందరు నవ్వేస్తారు. చాలామంది మాత్రం ‘‘ముందు కాస్త బలపడనివ్వండి, అప్పుడు దిగుతాను’’ అంటారు. ఈ నాలుగు మాటలూ ఆ రెండో రకం వాళ్ల కోసం.

ఆట సంగతి తెలియనివాళ్లకి క్లుప్తంగా. ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో ఉన్న సీసీపీ గేమ్స్ తయారుచేసిన ఈ ఆట 2003 మే 6న విడుదలైంది. ఏడువేలకు పైగా నక్షత్ర వ్యవస్థలున్న ‘న్యూ ఈడెన్’ ఇందులోని లోకం. చైనాకి వేరే సర్వర్ ఉంది. మిగతా ప్రపంచమంతా ఒకే సర్వర్‌లో, ఒకే ఆకాశం కింద ఆడుతుంది. గనులు తవ్వచ్చు, సరుకు మోయచ్చు, బజార్లో కూర్చుని వ్యాపారం చేయచ్చు. ఓడల్లో ఎక్కువ భాగం ఆటగాళ్లే తయారుచేసి ఆటగాళ్లకే అమ్ముతారు. న్యూయార్క్‌లోని మోమా మ్యూజియం 2012లో మొదటిసారి వీడియో గేమ్స్‌ని తన సేకరణలోకి తీసుకున్నప్పుడు ఎంచుకున్న 14 ఆటల్లో ఇదొకటి. 2016 నవంబర్ నుంచి పైసా కట్టకుండా కూడా ఆడచ్చు. మిగతా ఆటలకీ దీనికీ అసలు తేడా ఒక్కటే: ఇక్కడ పేలిపోయిన ఓడ పేలిపోయినట్టే. మళ్లీ మొదటికి వెళ్లి ఆడే వీలు లేదు. భయమంతా అక్కడే పుడుతుంది.

లెవెల్ 5 జబ్బు

ఈవ్‌లో నైపుణ్యాలు గడియారంతో పాటు పెరుగుతాయి. ఏ స్కిల్ నేర్చుకోవాలో వరసలో పెట్టి, కంప్యూటర్ కట్టేసి పడుకున్నా సరే, తెల్లారేసరికి మీ పాత్ర ఇంకాస్త ముదిరి ఉంటుంది. వినడానికి వరంలా ఉంది కదా? పిరికితనానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు. ‘‘ఈ స్కిల్ లెవెల్ 5 అయ్యాక దిగుతా’’ అంటాడు కుర్రాడు. అది అయ్యేసరికి ఇంకోటి కనిపిస్తుంది. ఏడాది గడిచిపోతుంది, యుద్ధం ముఖం చూసి ఉండడు.

లెక్క చూడండి. అన్నిటికంటే తేలికైన స్కిల్ ఒకటి లెవెల్ 5కి చేరాలంటే మొత్తం 2,56,000 పాయింట్లు కావాలి. లెవెల్ 4కి 45,255 చాలు. అంటే మొత్తం కాలంలో ఆరో వంతు కాస్త దాటేసరికే నాలుగు మెట్లు ఎక్కేశారు. మిగిలిన ఒక్క మెట్టూ ఐదింట నాలుగు వంతులకు మించిన సమయాన్ని మింగేస్తుంది. అది ఇచ్చేదేమిటి? చిన్న తుపాకుల స్కిల్ అయితే, మరో 5 శాతం దెబ్బ. ఎదురుగా వస్తున్నది ఏ రకం ఓడో పోల్చుకోలేనివాడికి ఆ 5 శాతం దేనికి? లెవెల్ 5 పూర్తయితే మెరుగైన టెక్ 2 తుపాకులకి దారి తెరుచుకుంటుంది, కాదనను. కానీ గడియారం మీరు యుద్ధంలో ఉన్నా నడుస్తుంది, ఇంట్లో కూర్చున్నా నడుస్తుంది. యుద్ధంలో ఉండగా నడవనిస్తే పోయేదేముంది?

స్పోకెన్ ఇంగ్లీష్ పుస్తకం మూడుసార్లు తిరగేసినా ఇంటర్వ్యూలో నోరు పెగలని కుర్రాళ్లని మనం చూస్తూనే ఉంటాం. వాళ్లకి తక్కువైంది నాలుగోసారి తిరగేయడం కాదు.

ఓటమి కొత్తవాళ్లని ఆట నుంచి తరిమేస్తుందనే అనుమానం తయారుచేసినవాళ్లకి కూడా ఉండేది. 2015లో రేక్యవిక్‌లో జరిగిన ఫ్యాన్‌ఫెస్ట్ అనే ఆటగాళ్ల పండగలో సీసీపీ తన పరిశీలన బయటపెట్టింది. సుమారు 80 వేలమంది కొత్తవాళ్లు మొదటి పదిహేను రోజుల్లో ఏం చేశారో చూశారట. వేరే ఆటగాళ్ల చేతిలో చచ్చినవాళ్లే, ఎవరి చేతిలోనూ చావనివాళ్లకంటే ఎక్కువకాలం ఆటలో నిలిచారు. దీన్ని మరీ నెత్తికెత్తుకోనక్కర్లేదు. చురుకైనవాడు పది చోట్లా తిరుగుతాడు, తిరిగేవాడే చస్తాడు, ఎలాగూ వాడే మిగులుతాడు. చావే వాళ్లని నిలబెట్టిందని ఈ లెక్క చెప్పదు. ఓడిపోతే మనసు విరిగిపోతుందన్న బెంగ చాలావరకు ఒట్టిదని మాత్రం చెబుతుంది.

ఏ ఓడ?

చవకది. ఇక్కడ బేరాల్లేవు. ఫ్రిగేట్ అనే తరగతి ఓడలు చిన్నవి, చవకవి. రిఫ్టర్, మెర్లిన్, ఇంకర్సస్, ఏట్రాన్... ఏదైనా ఒకటి. మొదట్లో ఆట మీకు అప్పగించే కెరీర్ ఏజెంట్ల పనులు పూర్తిచేస్తే ఇలాంటివి కొన్ని కొనడానికి సరిపడా ఐఎస్‌కే చేతికొస్తుంది. ఐఎస్‌కే అంటే ఆటలోని డబ్బు. ఇన్సూరెన్స్ చేయిస్తే ఓడ పోయినప్పుడు కొంత వెనక్కి వస్తుంది, బిగించిన సామానుకి మాత్రం రాదు. అసలు రూపాయలతో ప్లెక్స్ అనే ఆటలోని వస్తువు కొని, దాన్ని ఐఎస్‌కేగా మార్చి, పెద్ద ఓడ కొనుక్కుని బలవంతుణ్ణనుకునేవాళ్లున్నారు. ఆ పని ఎప్పుడూ చేయకండి. నడపడం రానివాడి చేతిలో ఖరీదైన ఓడ ఉంటే అది ఎదుటివాడికి పండగ.

పదీ ఒకే రకం ఎందుకంటే, ఓడ మారిన ప్రతిసారీ మీరు మళ్లీ మొదటి తరగతిలో కూర్చుంటారు. ఒకే ఓడతో పదిసార్లు ఓడితే, తేడా ఎక్కడుందో కనబడుతుంది. పది ఓడలతో ఒక్కోసారి ఓడితే, ప్రతిసారీ తప్పు ఓడ మీదికే నెట్టేస్తారు.

రిఫ్టర్‌నే తీసుకోండి. మధ్య వరసలో మూడు అరలుంటాయి. ఒకదాంట్లో వేగం పెంచే ఇంజన్, రెండోదాంట్లో స్క్రామ్, మూడోదాంట్లో వెబ్. ఈవ్‌లో ఏ ఓడైనా వార్ప్ చేసి క్షణాల్లో మాయమైపోగలదు. దాన్ని ఆపేది స్క్రామ్. దాదాపు తొమ్మిది కిలోమీటర్ల లోపు ఉంటే వార్ప్‌ని ఆపడమే కాదు, మైక్రోవార్ప్‌డ్రైవ్ అనే దూకుడు ఇంజన్‌ని కూడా ఆర్పేస్తుంది. వెబ్ పది కిలోమీటర్ల లోపు ఎదుటివాడి వేగాన్ని సగానికో అంతకన్నా తక్కువకో దించుతుంది. ఈ రెండూ పడ్డాయంటే వాడు ఎటూ పోలేడు. మీరూ పోలేరనుకోండి, వాడి దగ్గరా అవే ఉంటాయి కనుక. రిఫ్టర్‌కి నప్పే ఆటోకేనన్లకి కెపాసిటర్ (ఓడలోని బ్యాటరీ) శక్తి అక్కర్లేదు. కంగారులో ఉన్న కొత్తవాడికి చూసుకోవలసిన మీటర్ ఒకటి తగ్గడం చిన్న మేలేం కాదు.

అసలు విద్య: దూరం

ఇక్కడ కాస్త ఆగుదాం. చిన్న ఓడల యుద్ధంలో ఎవరి తుపాకీ పెద్దదన్నదానికంటే ఎవరికి కావలసిన దూరంలో యుద్ధం జరిగిందన్నదే ముఖ్యం. ఓడలన్నీ స్థూలంగా రెండు జాతులు. మీద పడి కొట్టేవి కొన్ని. అవి స్క్రామ్ దూరంలో అతుక్కుపోయి తేల్చుకుంటాయి. దూరంగా తప్పించుకు తిరుగుతూ కొట్టేవి కొన్ని. ఇరవై కిలోమీటర్లకు అటూఇటుగా తిరుగుతూ, స్క్రామ్‌కి బదులు ఎక్కువ దూరం పట్టే డిస్రప్టర్‌తో మిమ్మల్ని కట్టేసి, మెల్లగా చంపుతాయి. మీది మొదటి జాతి అయితే, రెండో జాతివాడి వెంట తిన్నగా పరుగెత్తడం శుద్ధ దండగ. వాడు వెనక్కి జరుగుతూ కాలుస్తూనే ఉంటాడు.

కాబట్టి తుపాకీ పేలకముందే అడగవలసిన ప్రశ్న ఒకటే. వాడికి ఏ దూరం కావాలి? అది మీరివ్వకూడదు. ఇది తెలియాలంటే ఓడల పేర్లు తెలియాలి. పేర్లు తెలియాలంటే డి-స్కాన్ అలవాటు కావాలి. చుట్టూ సుమారు 14 ఏయూ (ఒక ఏయూ అంటే భూమికీ సూర్యుడికీ మధ్య దూరం) మేర ఏ ఓడలున్నాయో చూపించే పరికరం అది. మంచి ఆటగాళ్లు దాన్ని కొన్ని క్షణాలకోసారి నొక్కుతూనే ఉంటారు, కళ్లు ఆర్పినంత సహజంగా. కొత్తవాళ్లు చచ్చాక నొక్కుతారు.

దూరం మీ చేతిలోకి తెచ్చుకునే తేలికైన దారి కూడా ఒకటుంది. ఫ్యాక్షన్ వార్‌ఫేర్‌లో చేరండి. గాలెంటే–కాల్డారి, అమార్–మిన్‌మతార్ పక్షాల మధ్య నడుస్తూ ఉండే యుద్ధం అది. అక్కడి రణస్థలాల్లో కొన్నిటి గేట్లు చిన్న ఓడల్ని తప్ప లోపలికి రానివ్వవు. అంటే పెద్ద ఓడ వచ్చి మీద పడుతుందన్న భయం లేదు. పైగా గేటు దాటి వచ్చేవాడు లోపల ఎక్కడ దిగుతాడో ముందే తెలుస్తుంది. మీది మీద పడే ఓడైతే సరిగ్గా ఆ చోటే కూర్చోండి. దిగీ దిగగానే వాడు మీ స్క్రామ్‌లో ఉంటాడు. ఎంచుకున్న చోట, ఎంచుకున్న దూరంలో, సాటి ఓడతో యుద్ధం. కొత్తవాడికి ఇంతకంటే న్యాయమైన పోటీ న్యూ ఈడెన్‌లో దొరకదు.

మిగతా చోట్ల న్యాయం వెతక్కండి. భద్రత ఎక్కువుండే హైసెక్ ప్రాంతంలో కాంకార్డ్ అనే పోలీసులుంటారు, నిజమే. వాళ్లు శిక్షిస్తారు గానీ కాపాడరు. మిమ్మల్ని చంపినవాడిని ఆ తర్వాత వాళ్లు చంపుతారు. ఆ శిక్షకి ముందే సిద్ధపడి ఉయెడామా లాంటి చోట్ల సరుకు ఓడల కోసం కాచుకుని కూర్చునేవాళ్లే ఉన్నారు. భద్రత తక్కువుండే లోసెక్‌లో, ఒక వ్యవస్థ నుంచి ఇంకోదానికి దాటించే గేట్ల దగ్గరా స్టేషన్ల దగ్గరా కాపలా తుపాకులుంటాయి. నేరంగా లెక్కయ్యే దాడి మీరు ముందు చేశారో, ఎదుటివాడికంటే ముందు ఆ తుపాకులే మీ ఫ్రిగేట్‌ని పొట్టన పెట్టుకుంటాయి. ఇంకో నియమం: కాల్పులు జరిపాక నిమిషంపాటు గేటు దాటలేరు, స్టేషన్‌లోకి దూరలేరు. ఎదుటివాడు ఒక్క గుండూ కాల్చకుండా ఊరుకుంటే వాడు హాయిగా గేటు దాటి పోతాడు, మీరు అక్కడే ఉండిపోతారు. జీటా బజారు దగ్గర ‘‘సరదాగా డ్యుయల్ ఆడదామా’’ అని పిలిచే అపరిచితుడినీ, మీ డబ్బు రెట్టింపు చేసిస్తానని లోకల్ చాట్‌లో ఊరించేవాడినీ ఒకే కంటితో చూడండి. ఆటలో ఆ మోసాలకి అనుమతి ఉంది, అడిగే దిక్కు లేదు.

చేతులు వణుకుతాయి

మొదటి యుద్ధంలో గుండె దడదడలాడుతుంది. మౌస్ మీద వేళ్లు వణుకుతాయి. కీబోర్డు మీద ఏ బటన్ ఎక్కడుందో మరిచిపోతారు. ఇది మీ ఒక్కరికే కాదు. ఈవ్ ఆటగాళ్లు దశాబ్దాలుగా చెప్పుకునే మాటే ఇది, ఏళ్ల తరబడి ఆడినవాళ్లు కూడా పెద్ద యుద్ధం ముందు ఇదే చెబుతారు. కారణం సూటిగానే ఉంది. పోయేది నిజంగా పోతుందని శరీరానికి తెలుసు. ఓడ చవకదైతే ఈ వణుకు తొందరగా తగ్గుతుంది. చవక ఓడలే కొనమనడంలో అసలు రహస్యం డబ్బు మిగలడం కాదు, బుర్ర పనిచేయడం.

వణుకుతున్న చేతులకి ఆలోచించే పని పెట్టకూడదు. అందుకని క్రమం ముందే ఖాయం చేసుకోండి: లాక్, దగ్గరికి, స్క్రామ్, వెబ్, తుపాకులు. బటన్లు ఆ వరసలోనే పేర్చుకోండి. ఓడ పేలబోతుందని తెలియగానే చేయవలసింది కూడా ముందే తెలిసి ఉండాలి. దగ్గర్లోని ఏదో ఒక గ్రహాన్ని ఎంచుకుని వార్ప్ బటన్ వరసగా నొక్కుతూ ఉండండి. ఓడ పేలాక మీరు పాడ్ అనే చిన్న గుళికలో మిగులుతారు. అది చటుక్కున వార్ప్ చేయగలదు. ఓడ పోయినా పాడ్ దక్కితే తలలో పెట్టించుకున్న ఖరీదైన ఇంప్లాంట్లు దక్కుతాయి. చట్టమే లేని, వార్ప్‌ని అడ్డుకునే బుడగలు పరిచి ఉండే నల్‌సెక్ ప్రాంతంలో ఈ చిట్కా అన్నిసార్లూ పారదు. మొదట్లో అక్కడికి ఒంటరిగా పోకపోవడమే మేలు. అసలు యుద్ధానికి వెళ్లేటప్పుడు ఇంప్లాంట్లు లేకుండానే వెళ్లండి, ఆ దిగులూ ఉండదు.

హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి ఆడేవాళ్లకి ఇంకో అనుమానం ఉంటుంది. సర్వర్ లండన్‌లో ఉంది కదా, మన నెట్ వేగానికి ఏం గెలుస్తామని. గుండు తగిలిందో లేదో వేలి వేగంతో తేలే షూటింగ్ ఆటల్లో అది నిజమైన ఇబ్బంది. ఈవ్ సర్వర్ మాత్రం లెక్కలన్నీ సెకనుకోసారి చేస్తుంది. ఆ ఒక్క సెకనులో లండన్ పక్కింటివాడికీ గుంటూరువాడికీ పెద్ద తేడా మిగలదు. ఆ సాకు కూడా పోయింది.

పేలాక ఏం చేయాలి?

ఓడ పోగానే కిల్‌మెయిల్ వస్తుంది. మిమ్మల్ని ఎవరు కొట్టారు, ఏ ఆయుధంతో, ఎంత దెబ్బ వేశారు, మీ సామానులో ఏది కాలిపోయింది, ఏది వాళ్ల చేతికి చిక్కింది, అన్నీ అందులో ఉంటాయి. అంత నిజాయితీగా మన ఓటమిని లెక్కగట్టి చేతిలో పెట్టే చోటు బయట ప్రపంచంలో ఎక్కడుంది చెప్పండి? చాలామంది సిగ్గుపడి దాన్ని తెరవరు. తెరిచి, ఒక్క ప్రశ్నకి జవాబు రాసుకోండి. నేను ఏ క్షణంలో ఓడాను? దాదాపు ప్రతిసారీ జవాబు తుపాకీ పేలకముందు ఎక్కడో ఉంటుంది. డి-స్కాన్ నొక్కలేదు, వాడి వెనక ఇంకో ముగ్గురున్నారని చూసుకోలేదు, ఆ ఓడతో ఆ దూరంలో తలపడకూడదని తెలియదు.

ఆ తర్వాత చేయవలసిన పని కొందరికి గొంతులో వెలక్కాయే. మిమ్మల్ని చంపినవాడికి లోకల్ చాట్‌లో ‘జీఎఫ్’ అని రాయండి. గుడ్ ఫైట్ అన్నమాట. అక్కడ అది మర్యాద. వీలైతే వాడితోనే మాట కలిపి, నేనెక్కడ తప్పు చేశానని అడగండి. ఆశ్చర్యం కలిగేలా చాలామంది ఓపిగ్గా చెబుతారు, ఓడకి ఏం బిగించాలో కూడా రాసి పంపుతారు. అక్కడ తిట్లు రాసినవాడికి దొరికేది స్క్రీన్‌షాట్, వెటకారం. ఓడించినవాడిని గురువుగా చేసుకోవడానికి అహం ఒప్పుకోదు గానీ, మీ తప్పు అంత దగ్గర్నుంచి చూసినవాడు ఇంకెవరున్నారు?

ఒంటరిగా నేర్చుకోవడం గొప్పేం కాదు, ఆలస్యం మాత్రమే. 2004 నుంచి కొత్తవాళ్లకి పాఠాలు చెబుతున్న ఈవ్ యూనివర్సిటీ ఉంది, 2013లో పుట్టిన బ్రేవ్ న్యూబీస్ ఉంది. కొత్తవాళ్లని చేర్చుకుని యుద్ధానికి తీసుకెళ్లడమే ఇలాంటి సంఘాల పని. ఫ్లీట్‌లో, అంటే కలిసి యుద్ధానికి వెళ్లే ఓడల దండులో, మీకిచ్చే మొదటి ఉద్యోగం టాకిల్. వేగంగా వెళ్లి శత్రువుకి స్క్రామ్ తగిలించి పట్టుకోవడం. మీరు చచ్చిపోవచ్చు, చాలాసార్లు చస్తారు కూడా. కానీ మీ చిన్న ఓడ పట్టుకున్న ఆ కొన్ని క్షణాల్లో వెనకున్నవాళ్లు వందరెట్లు ఖరీదైన ఓడని కూల్చేస్తారు. వారం రోజుల అనుభవమున్నవాడు కూడా అక్కరకొచ్చే పని అది. ఫ్లీట్ కమాండర్ ఏ పేరు చెబితే ఆ పేరు మీదే కాల్చడం, అడగనిదే వాయిస్‌లో మాట్లాడకపోవడం, ఈ రెండూ పాటిస్తే చాలు, మళ్లీ పిలుస్తారు.

మహాయుద్ధాల కథలు విని ఈ ఆటకి వచ్చేవాళ్లు చాలామంది. 2014 జనవరి 27, 28 తేదీల్లో బీ-ఆర్5ఆర్‌బీ అనే వ్యవస్థలో 21 గంటలపాటు జరిగిన యుద్ధంలో ఆటలోకెల్లా పెద్ద ఓడలైన టైటాన్లు 75 కూలాయి. ఆ నష్టం విలువని అసలు డబ్బులోకి మారిస్తే మూడు లక్షల డాలర్లు దాటుతుందని అంచనా వేశారు. ఇంతకీ నిప్పు రాజుకున్నదెలా? ఆ వ్యవస్థ మీద హక్కు నిలుపుకోవడానికి కట్టవలసిన రుసుము సమయానికి కట్టకపోవడం వల్ల. కథగా అద్భుతం. నేర్చుకోవడానికి మాత్రం పనికిరాదు. వేలమంది ఒకేచోట చేరితే సర్వర్ తట్టుకోవడానికి ఆటలోని కాలాన్ని పదోవంతు వేగానికి దించేస్తుంది. బటన్ నొక్కి టీ తాగి రావచ్చు. రెండు ఫ్రిగేట్లు తలపడే రెండు నిమిషాల్లో మీరు తీసుకునే నిర్ణయాలు, అక్కడ ఒక పూటంతా కూర్చున్నా తీసుకోరు. మహాయుద్ధానికి ఎప్పుడో ఒకసారి వెళ్లి చూసి రండి, తిరునాళ్లకి వెళ్లినట్టు.

చివరిగా నిద్ర సంగతి. ఆట గడియారం యూటీసీలో నడుస్తుంది. యూరప్‌వాళ్లు రాత్రి భోంచేసి ఫ్లీట్లు కట్టే వేళకి మనకి అర్ధరాత్రి దాటుతుంది. పొద్దున కాలేజీ, ఆఫీసు ఉన్నవాళ్లు ఆ వేళ జోలికి పోకండి. నిద్ర చెడినవాడి చేతిలో ఏ ఓడా నిలవదు, మార్కులూ నిలవవు. ఆదివారం పొద్దున ఆరింటికి మాత్రం అమెరికాలో ఇంకా శనివారం రాత్రే. ఫ్లీట్లు అప్పుడూ బయల్దేరతాయి, వాటిలో చేరండి.